పడవ పద్దు

జ్ఞానసుందరికి లెక్క తప్పితే అన్నం సహించేది కాదు. వంశధార కుడి ఒడ్డున ఉన్న మిషన్ ఆసుపత్రిలో డాక్టరమ్మ రత్నమ్మగారికి ఆమె టైపిస్టూ, గుమాస్తా, అన్నీను. ఉత్తరాలు కొట్టడం, డాక్టరమ్మ ప్రయాణాలకు ఏర్పాట్లు చూడటం, మందుల బిల్లులు సరిచూడటం, చిల్లర ఖర్చుల పెట్టె తాళం కొంగున ముడి వేసుకోవడం, అన్నీ ఆమె పనులే. ఆ పెట్టెలో రొక్కమూ రశీదులూ కలిపితే ఎప్పుడు చూసినా ఒకే మొత్తం రావాలి. పది పైసలు తేడా వస్తే, స్టాంపుల దగ్గర పోయిందా, దీపాల నూనె దగ్గర పోయిందా అని పొద్దు గూకేదాకా వెతికేది. పోనీలే పది పైసలే కదా అని డాక్టరమ్మ నవ్వితే, పది పైసలు కాదండీ, లెక్క అనేది. చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళకు ఆమె పేరుతో పనిలేదు. టైపమ్మ అంటే చాలు.

ఈ విద్య ఆమెకు విజయనగరంలో అబ్బింది. అక్కడి మిషన్ కచేరీలో కోశాధికారి సత్యానందంగారు ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకుని నేర్పారు. చేతిలో ఉన్నది వేరు, చేతికి రావలసింది వేరు అని నేర్పారు. రాబడి తేలకుండా ఖర్చు రాయొద్దన్నారు. ఒక పద్దు డబ్బు ఇంకో పద్దుకు వాడితే ఆ పూటే కాగితం మీద పెట్టమన్నారు. ఎప్పుడైనా కోత పెట్టవలసి వస్తే, కిందటి రెండేళ్ళలో ఖర్చయి కూడా ఏ పనీ జరగని పద్దు ఏదో చూసి, ముందు దాని మీద పెన్సిల్ పెట్టమన్నారు. ఇందులో చెడ్డ మాట ఒక్కటీ లేదు. చెడ్డ మాటలైతే సుందరి వినేదే కాదు, తెలివైన పిల్ల.

ఇక ఏటి సంగతి. వంశధారకు ఎండాకాలం ఒక మొహం, వానాకాలం ఒక మొహం. ఎండల్లో చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తిపట్టుకుని ఆడవాళ్ళు నడిచి దాటేస్తారు. పైన కొండల్లో నాలుగు వానలు పడితే మాత్రం ఇటు మనిషి అటు, అటు మనిషి ఇటు కదలడానికి లేదు. దగ్గరలో వంతెన లేదు. శ్రీముఖలింగం వైపున్న అవతలి ఊళ్ళకు పురుడొచ్చినా, పాము కరిచినా దిక్కు ఈ ఆసుపత్రే. అందుకని ఆసుపత్రి కట్టిన కొత్తలోనే పెద్ద దొరసానమ్మ ఒకరు పడవ మనిషిని జీతానికి పెట్టారు. అప్పటినుంచీ ఎస్టిమేటులో ‘పడవ’ అని ఒక పద్దు నడుస్తూ వచ్చింది. అవతల గెడకు తెల్లగుడ్డ కట్టి ఊపితే పడవ కదలాలి. అంతే ఏర్పాటు.

పడవ మనిషి ఎల్లాజీ. వయసు యాభై దాటింది. పడవ అతని సొంతం, జీతం ఆసుపత్రిది. ఏరు నిండినా, ఎండినా నెలకు ముప్పై రూపాయలు. ఎండాకాలం కూడా జీతం ఎందుకంటే, అప్పుడు ఇవ్వకపోతే వానలొచ్చేసరికి మనిషి ఇంకెక్కడో కూలికి కుదురుకుంటాడు. ఈ సంగతి పెద్ద దొరసానమ్మకు తెలుసు. ఆమె పోయాక ఎవరికీ తెలియవలసిన అవసరం రాలేదు. పంతొమ్మిది వందల అరవై అయిదులోనూ, అరవై ఆరులోనూ వానలు మొహం చాటేశాయి. ఎల్లాజీ రావిచెక్క తెడ్డు పక్కన పెట్టుకుని, ఇసకలో బోర్లించిన పడవ నీడన పడుకుని బీడీలు కాల్చుకున్నాడు. నెల మొదట్లో వచ్చి, వేలిముద్ర వేసి ముప్పై పట్టుకెళ్ళేవాడు. రూపాయలు లెక్కపెట్టి ఇచ్చేటప్పుడల్లా సుందరికి ఒళ్ళు మండేది.

అరవై ఏడు మొదట్లో విజయనగరం నుంచి ఉత్తరం వచ్చింది. పై దేశం నుంచి వచ్చే గ్రాంటు తగ్గింది, ఏప్రిల్ నుంచి ప్రతి ఆసుపత్రీ ఖర్చు కుదించుకోవాలి, ఎస్టిమేటు తిరగరాసి పంపండి అని దాని సారాంశం. డాక్టరమ్మకు కత్తి పట్టుకుంటే చెయ్యి వణకదు గానీ అంకెలు చూస్తే తలనొప్పి. ఉత్తరాన్ని సుందరి బల్ల మీద పెట్టి, నువ్వే చూడమ్మా, నువ్వు ఎలా అంటే అలా సంతకం పెడతాను అంది. ఆ మాటకు సుందరి పొంగిపోయింది. ఎవరు పొంగరు?

దీపాల నూనె తగ్గించింది. సున్నాలు వేయించడం వాయిదా వేసింది. డాక్టరమ్మ కాఫీ గింజల్లో కూడా కోత పెట్టింది. అయినా కోయవలసింది ఇంకో ముప్పై మిగిలిపోయింది, నెలకు ముప్పై. అంటే ఒక మనిషి. పురుళ్ళ వార్డులో ఆయా లక్ష్మణమ్మ జీతం సరిగ్గా అంతే. ఎల్లాజీ జీతమూ అంతే. లక్ష్మణమ్మ గజపతినగరం అవతల మెట్ట ఊరి నుంచి మొగుడు పోయి వచ్చిన మనిషి. పొద్దున్నే సుందరి బల్ల తుడిచి, గ్లాసుతో టీ పెట్టి వెళుతుంది. రాత్రీ పగలూ బాలింతల గుడ్డలు ఉతుకుతుంది. ఆమె పేరు కొట్టేయాలంటే సుందరికి చెయ్యి రాలేదు. ఎల్లాజీ పద్దు తిరగేస్తే, రెండేళ్ళలో పడవెక్కి వచ్చిన రోగి ఒక్కడూ లేడు. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి, మిషన్ డబ్బు ఏపాటి? సత్యానందంగారు చెప్పిన పద్దు ఇదే. సుందరి పెన్సిల్ పెట్టింది.

ఆ పని తేలిగ్గా చేసిందని అనకూడదు. రెండు రోజులు ఆలోచించింది, ప్రార్థన కూడా చేసుకుంది. కానీ ఆలోచించినంతసేపూ ఆమె కళ్ళ ముందు ఇద్దరే ఉన్నారు, ఒక ఆయా, ఒక పడవవాడు. ఏటికి అవతల ఎవరైనా ఉన్నారన్న సంగతి ఆ కాగితంలో ఎక్కడా లేదు.

విజయనగరం నుంచి మెచ్చుకుంటూ జవాబు వచ్చింది. మిగతా ఆసుపత్రులు ఈ ఎస్టిమేటు చూసి నేర్చుకోవాలని సత్యానందంగారు స్వదస్తూరీతో రాశారు. సుందరి ఆ ఉత్తరాన్ని బైబిలులో దాచుకుంది.

మార్చి జీతం ఇచ్చేటప్పుడు ఎల్లాజీకి చెప్పింది. గ్రాంటు సంగతి, కోత సంగతి, ఇందులో ఎవరి మీదా కోపం లేదన్న సంగతి, అన్నీ ఓపిగ్గా చెప్పింది. ఎల్లాజీ వేలికంటిన సిరా గోడకు రాసుకుంటూ విన్నాడు.

"ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటీసేక బోడి మల్లయ్య అంటారు. మీరు దాటకండానే బోడి మల్లయ్యని సేసీసేరు, టైపమ్మగారూ," అన్నాడు. కోపంగా కాదు, నవ్వుతూనే. గడప దాటబోతూ ఆగాడు. "అవతలోళ్ళకి ఎవులు సెప్తారు?"

అది ఆఫీసు చూసుకుంటుంది, నీకెందుకంది సుందరి. అతను తలూపి వెళ్ళిపోయాడు. పడవను చెక్కల ధరకు అమ్ముకుని, ఒరిస్సాలో పారదీపు రేవు కడుతున్నారంటే ఇంకొందరితో కలిసి అటు పోయాడని తరవాత తెలిసింది.

ఆఫీసు చూసుకుంది కూడా. పడవ పద్దు రద్దయినట్టు సుందరి ఉత్తర్వు టైపు కొట్టింది. ఒకటి విజయనగరానికి, ఒకటి జమాఖర్చుల వాళ్ళకు, ఒకటి ఫైలుకు. ఆ పాత టైపు మిషను మీద మూడు కాగితాలకు మించి కార్బను దిగదు, నాలుగోదానిలో అక్షరాలు తెలియవు. అవతలి ఊళ్ళకు పంపాలని తోచలేదు. తోచినా అక్కడ టైపు చదివేవారెవరు? నోటిమాటగా చెప్పవచ్చు కదా అంటే, అది ఏప్రిల్. అవతలివాళ్ళు రోజూ ఏట్లో నడిచి వచ్చి మందులు పట్టుకుపోతున్నారు. నడిచి దాటే ఏటి దగ్గర పడవ మాట ఎవరెత్తుతారు?

ఆ ఏడు మాత్రం వానలు మాట తప్పలేదు. శ్రావణంలో మూడు రోజులు ఒకటే ముసురు. నాలుగో నాటి పొద్దున సుందరి ఆఫీసు తలుపు తీస్తుంటే లక్ష్మణమ్మ తడిసిన చీరతో వచ్చి, అవతల ఎవరో గెడ పట్టుకున్నారని చెప్పింది.

ఇద్దరూ రేవుకు వెళ్ళారు. ఏరు ఎర్రగా, ఒడ్డులు ఒరుసుకుని పోతోంది. అవతల గట్టు మీద ఒక మంచం దింపి ఉంది. మంచం మీద మనిషి ఉన్నట్టు తెలుస్తోంది గానీ మొహం తెలియదు. చుట్టూ పదిమంది దాకా ఉన్నారు, పక్కన చింతకింద ఎడ్లబండి. ఒకడు గెడకు తెల్ల పంచె కట్టి ఊపుతున్నాడు. ఏటి హోరులో మాట వినపడదు, కేక వినపడదు.

డాక్టరమ్మ వచ్చింది. కళ్ళజోడు తుడుచుకుని చూసి, పురుడు కేసే, మంచం పక్కన ముసలావిడ నడుం పట్టుకుని ఉంది చూడు అంది. ఆ మాట అని ఎల్లాజీ ఏడని అడగబోయి, గుర్తొచ్చి, నోరు మూసుకుంది. సంతకం ఆమెదే కదా. కాపలావాణ్ణి చేపల వాళ్ళ పేటకు పంపింది. అక్కడున్నవి తాటి దోనెలు, ఈ ఏట్లో దోనె వేస్తే మనిషి మిగలడు అన్నారట.

సుందరికి కాళ్ళు ఒకచోట నిలవలేదు. వాళ్ళు అక్కడే కాచుకుని కూర్చుంటే ఎలా? ఎదురుగా బండి ఉంది. గట్టు మీద రోడ్డుంది. టెక్కలిలో ఆసుపత్రి ఉంది, ఇప్పుడు ఎడ్లు తోలితే సందె వేళకైనా చేరతారు. చేతులు ఊపింది. అంత దూరానికి చేతులు కంటికి ఆనవు. లక్ష్మణమ్మ చేత వార్డులోంచి ఉతికిన దుప్పటి తెప్పించి, వెదురు కర్రకు కట్టి, వెళ్ళిపోండి, వెళ్ళిపోండి అని ఊపింది. రెక్కలు లాగేదాకా ఊపింది. అవతల గెడ దిగింది. మనుషుల్లో కదలిక వచ్చింది. అర్థమైంది, దేవుడి దయ అనుకుంది సుందరి. చూస్తుండగానే బండి దగ్గర ఎవరో ఎడ్లను విప్పి పక్కకు తోలుకుపోయారు. మంచం కదలలేదు.

అందరూ కూర్చుండిపోయారు.

ఎందుకు కూర్చున్నారో సుందరికి అంతుపట్టలేదు. మళ్ళీ ఊపింది. వాళ్ళూ ఒకసారి గెడ ఎత్తి దించారు. ఇలా మధ్యాహ్నం అయింది. వాన మళ్ళీ పట్టుకుంది. అవతల తాటాకు గొడుగులు మంచం మీద పట్టారు. వార్డు రౌండుకు వెళ్ళి డాక్టరమ్మ మళ్ళీ వచ్చింది, కాసేపు నిలబడింది, కడుపు కోసి బిడ్డను తీసే చేతులు ఒట్టినే కట్టుకుని నిలబడింది. బిడ్డ అడ్డం తిరిగి ఉంటుంది అని తనలో తానే అంది. ఎవరూ తనను ఒక్క మాట అనకపోవడం సుందరికి భరించరానిదైపోయింది.

పొద్దు వాలుతుండగా అవతల ముసలావిడ లేచి నిలబడి, అలాగే కూలబడింది. గెడ పట్టుకున్నవాడు గెడకున్న పంచె విప్పాడు. దాన్ని విదిలించి మంచం మీద తల నుంచి కాళ్ళదాకా పరిచాడు. తరవాత నలుగురు మంచం ఎత్తుకుని, వచ్చిన దారినే ఊళ్ళోకి పోయారు.

లక్ష్మణమ్మ తడి దుప్పటి పిండి భుజాన వేసుకుంది. ఇద్దరూ ఆఫీసుకు వచ్చారు. ఆ సాయంత్రం లక్ష్మణమ్మ పెట్టిన టీ సుందరి తాగలేకపోయింది. ఈమె జీతం నిలబెట్టడానికే కదా అనుకుంది, అలా అనుకున్నందుకు సిగ్గుపడింది. ఆ చిక్కు విప్పడానికి సత్యానందంగారు నేర్పిన ఏ సూత్రమూ పనికిరాలేదు.

ఏరు తగ్గడానికి వారం పట్టింది. ఆ వారంలోనే సుందరి ఆదాయ వ్యయాల పట్టీ టైపు చేసింది. పడవ పద్దు కింద ఆదా చక్కగా కనిపించింది. నడుములోతు నీళ్ళు అయ్యాక, డాక్టరమ్మతో ఒక్క ముక్క చెప్పి, చెప్పులు చేత్తో పట్టుకుని ఏరు దాటింది. ఏం అడగాలనో, ఏం చెప్పాలనో ఆమెకే తెలియదు. వెళ్ళకపోతే మాత్రం అన్నం సహించేలా లేదు.

ఇల్లు చూపించమంటే చూపించారు. చనిపోయిన పిల్ల పేరు చిన్నతల్లి. తొలిచూలు. బిడ్డా దక్కలేదు. అత్త మరిడమ్మ అరుగు మీద చింతపండు పిక్కలు తీస్తోంది. ఆ రోజు మంచం పక్కన నడుం పట్టుకున్న మనిషి ఈమే. సుందరిని గుర్తుపట్టింది. చేట పక్కకు జరిపి కూర్చోమంది.

పడవ లేదన్న మాట సుందరి తల వంచుకునే చెప్పింది. మార్చిలోనే తీసేశామంది. డబ్బు చాలక తీసేశామంది.

మరిడమ్మ చేతిలో పిక్క చేతిలోనే ఉండిపోయింది. "పడవ నేదా? ఆ రోజు నేదా?"

"లేదు."

"అదేటమ్మా, మీరు గుడ్డ ఊపినారు కదా."

సుందరి తలెత్తింది.

"ఎల్లాజీ అలగే ఊపీవోడు," అంది మరిడమ్మ, తెలియని పిల్లకు చెప్పినట్టు. "మేం ఇక్కడ ఊపితే ఆడు అక్కడ ఊపీవోడు. వస్తన్నాను, కూకోండని. ఏరు జోరుగుంటే రెండుసార్లు, మూడుసార్లు ఊపీవోడు, జోరు తగ్గేక వస్తానని. ఆ రోజు మావోడు బండి కట్టినాడు. ఎడ్లు కాడి కిందే ఉన్నాయి. పడవ ఆలీసమైతే టెక్కలి ఎలిపోదుమన్నాడు. అంతలో మీ ఒడ్డున గుడ్డ లెగిసినాది. నానే ఇప్పించీసినాను ఎడ్లని. వస్తన్నారురా, డాక్టరమ్మగారే వచ్చి నిలబడ్డారు, కూకోరా అన్నాను."

సుందరికి చెవుల్లో ఏటి హోరు వినిపించింది. తన చేతులు చూసుకుంది. ఆ చేతుల మీద ఆమెకు అసహ్యం పుట్టింది. పడవ తీసేసినందుకు దేవుడు క్షమిస్తాడేమో, డబ్బు నిజంగానే లేదు. ఎవరికీ చెప్పకపోవడానికి మాత్రం డబ్బు అక్కరలేదు. చెప్పవలసిన నాడు చెప్పలేదు. చెప్పబోయిన నాడు అవతలివాళ్ళ భాష తెలియక, వెళ్ళిపోండి అనబోయి కూర్చోండి అంది. పొద్దున్నుంచీ సాయంత్రందాకా, రెక్కలు లాగేదాకా అంది.

"ఊపింది నేనే," అంది. "వెళ్ళిపొమ్మని ఊపాను."

మరిడమ్మ చేతిలో పిక్క పక్కన పడేసింది. తిడుతుందనుకుంది సుందరి. తిడితే బాగుండుననుకుంది. లోపల మగమనిషి ఎవరో దగ్గాడు, అతనే చిన్నతల్లి మొగుడై ఉంటాడు. బయటికి రాలేదు. మరిడమ్మ తలుపు వంక ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

"ఆడికి సెప్పకు. ఎడ్లు ఇప్పమన్న నా మీదే తప్పున్నాదనుకుంతన్నాడు, అలగే ఉండనీ," అంది. చేట మళ్ళీ దగ్గరికి లాక్కుని, "అయితే ఇకమీదట పడవ నేదు," అంది.

డాక్టరమ్మ పడవ కోసం విజయనగరానికి మళ్ళీ రాయించిందనీ, వచ్చే ఏప్రిల్ కి ఇస్తారో లేదో తెలియదనీ, ఇచ్చినా ఎల్లాజీ లేడనీ సుందరి చెప్పింది. చేతిలో ఉన్నది వేరు, చేతికి రావలసింది వేరు. "లేదు," అంది చివరికి.

"మరైతే నా దగ్గర కూకున్నావేటి? ఈ ఊర్లో ఇంకా ఇద్దరు కడుపుతో ఉన్నారు. పై ఊర్లో ఎవులున్నారో. ఎల్లు. ఆలకి సెప్పు."

సుందరి లేచింది. ఆ మధ్యాహ్నమంతా ఇల్లిల్లూ తిరిగింది. పడవ లేదు, ఎల్లాజీ వెళ్ళిపోయాడు, ఏరు వస్తే మా వైపు చూడకండి, బండి కట్టుకుని టెక్కలి పొండి అని ప్రతి గుమ్మంలోనూ నిలబడి చెప్పింది. కొందరు విని తలుపేసుకున్నారు. ఒక ముసలాయన, ఈ ముక్క సెప్పడానికి ఇన్నాళ్ళు పట్టినాదా అని మొహం మీదే అడిగాడు. అవునంది. పై ఊరికి కూడా వెళ్ళింది.

ఆ ఊరి చివరింట్లో నిండు నెలల పిల్ల ఒకతె రోట్లో చోడి గింజలు దంచుతోంది. రోకలి ఆపకుండానే విన్నది.

"తెల్లగుడ్డ ఊపితే వస్తాది కదా, టైపమ్మగారూ?" అంది.

"ఊపినా రాదు," అంది సుందరి. "మా ఒడ్డున గుడ్డ కనబడినా రాదు. నమ్మకు."

పిల్ల రోకలి ఆపింది. వాకిట్లో మొగుడు పైకప్పుకు తాటాకు సర్దుతున్నాడు. అతన్ని కేకేసి, బండి ఇరుసు ఎప్పుడు బాగు చేయిస్తావని అడిగింది.